ఘాట్ ఎక్కితే ఇంజను వేడెక్కుతోంది: నేనే విప్పి చూడాలా, నమ్మకమైన మెకానిక్‌ను వెతుక్కోవాలా?

పర్లాకిమిడి మాస్టారు

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గుమ్మా బ్లాకులో ఒక కొండ ఊరి బడిలో లెక్కలు చెబుతాను. మాకు 2014 నాటి వ్యాగన్ ఆర్ ఉంది. పెట్రోలు బండి, మూడు సిలిండర్ల 998 సీసీ ఇంజను, ఇప్పటికి లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్న కొన్న బండి ఇది. ఆయన పోయి మూడేళ్లయింది. డ్యాష్‌బోర్డు మీద ఆయన అంటించిన పాతపట్నం నీలమణి దుర్గమ్మ బొమ్మ ఇంకా అలాగే ఉంది. 2029 వరకు రిజిస్ట్రేషను ఉంది కాబట్టి అప్పటిదాకా దీన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

ఈ నెలలో మూడుసార్లు ఇంజను ఉష్ణోగ్రత హెచ్చరిక వచ్చింది. మొదటిసారి బడికి వెళ్తూ ఘాట్ సగం ఎక్కాక. రెండోసారి బజారులో బళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు. మూడోసారి మాత్రం నాకు చెమటలు పట్టాయి. అమ్మకు నెలకోసారి శ్రీకాకుళంలో కంటి ఇంజెక్షను వేయించాలి. నరసన్నపేట వైపు నుంచి తిరిగి వస్తున్నాం, పాతపట్నం ఇంకా రాలేదు, చీకటి పడుతోంది. బండి పక్కకు తీసి ముప్పావు గంట ఆగాం. ఒక కంటికి కట్టుతో అమ్మ ఆ రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఉండటం నేను మరిచిపోలేకపోతున్నాను.

మర్నాడు ఒక షెడ్డుకు తీసుకువెళ్లాను. అతను బోనెట్ ఎత్తి రెండు నిమిషాలు ఇంజను చప్పుడు విన్నాడు. హెడ్ గాస్కెట్ (సిలిండర్లకూ, వాటి మీద మూతలా ఉండే హెడ్డుకూ మధ్య ఉండే పొర) పోయింది, హెడ్డు దింపాలి, లేత్ పని కూడా ఉంటుంది, 16,000 అవుతుంది, నాలుగు రోజులు బండి వదలాలి అన్నాడు. రేడియేటర్ మూత కూడా తీసి చూడలేదు. మరో షెడ్డులో "బండి ఇక్కడ పెట్టి వెళ్లండి, చూద్దాం" అన్నారు. ఏమి చూస్తారో, ఎంతవుతుందో చెప్పలేదు. మా పెదనాన్నగారి అబ్బాయి మాత్రం, థర్మోస్టాట్ (ఇంజను వేడిని బట్టి నీటిని రేడియేటర్‌కు వదిలే వాల్వు) మారిస్తే సరిపోతుంది, వీడియోలు చూసి నువ్వే మార్చుకో అంటున్నాడు. పానాల సెట్టు ఒకటి కొన్నాను కూడా.

నాకు మెకానిక్‌ల మీద నమ్మకం సడలడానికి కారణం ఉంది. కిందటేడు ఒకచోట ముందు బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేశామని డబ్బు తీసుకున్నారు. నెల తర్వాత పంక్చరు పడి చక్రం విప్పితే ప్యాడ్లు అరిగి ఇనుము దగ్గరకు వచ్చి ఉన్నాయి. పోయిన డబ్బు గురించి నేను బాధపడలేదు. ఆ నెలంతా ఆ బండిలో అమ్మను తిప్పాను.

అందుకే అడుగుతున్నాను. ఎంతవరకు నేనే చేసుకోవచ్చు? ఎక్కడ ఆగాలి? పని అప్పగించక ముందే ఒక మెకానిక్ నమ్మదగినవాడో కాదో తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

సిరోంచ రైతు

మాస్టారూ, మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. మాకు నమ్మకమైన మెకానిక్, నమ్మలేని మెకానిక్ అని ఎంచుకునే అవకాశమే తక్కువ. పెద్ద పని అయితే ఇటు అహేరి పోవాలి, లేదంటే గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా తెలంగాణ వైపు పోవాలి. చెడిన బండిని అంత దూరం ఎలా తీసుకుపోతాం? అందుకని అన్నీ నేనే నేర్చుకున్నాను. థర్మోస్టాట్ నేనే మార్చాను, గంటన్నర పట్టింది. మీరూ చేయగలరు, భయపడకండి.

రేడియేటర్ కారుతుంటే రెండు చెంచాల పసుపు వేయండి. మా నాన్న జీపు కాలం నుంచి చేస్తున్నాం. ఆగుతుంది.

రాయగడ ఫిట్టరు

మాస్టారూ, అన్నిటికంటే ముందు ఒక మాట. సంగతి తేలేదాకా అమ్మగారిని ఈ బండిలో శ్రీకాకుళం తీసుకువెళ్లకండి. బస్సులోనో అద్దె కారులోనో వెళ్లండి. మీరూ దీన్ని ఘాట్ ఎక్కించకండి. వేడెక్కిన ఇంజనును అలాగే నడిపితే అల్యూమినియం హెడ్డు వంగిపోతుంది. అప్పుడు ఆ షెడ్డు అతను చెప్పిన 16,000 పని నిజంగానే మీ నెత్తిన పడుతుంది.

నేను రాయగడ కాగితపు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు ఫిట్టరుగా చేసి విరమించాను. ఆవిరి గొట్టాలు, పంపులు, వాల్వులు నా పని. కార్లు నా వృత్తి కాదు, నా బండి మీద నేర్చుకున్నదే. అయినా వేడినీరూ ఒత్తిడీ మిల్లులోనైనా బోనెట్ కింద అయినా ఒకే తీరుగా నడుచుకుంటాయి.

సిరోంచ సోదరుడి పసుపు గురించి. అది పనిచేయదని అనను. పొడి సన్నని చీలికలో చేరి ఉబ్బి అడ్డుపడుతుంది. అడవి దారిలో ఇల్లు చేరడానికి వేరే గతి లేనప్పుడు నేనూ వేస్తాను. కానీ ఏది చీలికో, ఏది రేడియేటర్ లోపలి సన్నని గొట్టమో పసుపుకు తెలియదు, రెండింటినీ మూస్తుంది. పాత జీపు రేడియేటర్‌లో దారులు వెడల్పు, ఇప్పటి చిన్న కార్లలో ఇరుకు. ఇంటి ముందు నిలబడి ఉన్న బండిలో, కారణం తెలియకముందే పసుపు పోస్తే కారణం కనిపెట్టే దారి కూడా మూసేసినట్టే. బోరు నీళ్లతో నింపడం కూడా వద్దు. అందులోని లవణాలు లోపల పొరలు కడతాయి.

ఇక మీ ప్రశ్న. మీరు విప్పడం కంటే చూడటంతో మొదలుపెట్టండి. దానికి పానా అక్కరలేదు.

రేడియేటర్ మూత అంటే డబ్బా మూత లాంటిది కాదు. అందులో స్ప్రింగు ఉంటుంది, రబ్బరు ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటికంటే దాదాపు ఒక వాతావరణ పీడనం ఎక్కువయ్యేదాకా అది పట్టి ఉంచుతుంది. అందువల్లే 100 డిగ్రీల దగ్గర మరగాల్సిన నీరు 120 దాకా మరగకుండా నిలుస్తుంది. వేడి మీద మూత తీస్తే ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోయి, నీరు భగ్గున మరిగి ఆవిరితో కలిసి ఎగజిమ్ముతుంది. మిల్లులో అన్నేళ్లు ఆవిరితో పనిచేసినవాణ్ణి, ఇది తెలిసినవాణ్ణి, 2009 వేసవిలో బొబ్బిలి రోడ్డు మీద తువ్వాలు చుట్టి మూత తిప్పాను. ఆగి పది నిమిషాలైంది కదా అనుకున్నాను. మణికట్టు నుంచి మోచేయి దాకా చర్మం ఊడింది. ఆరు వారాలు పనికి వెళ్లలేదు. మీరు పొద్దున్నే, రాత్రంతా చల్లారిన బండి మీద తప్ప ఆ మూత ముట్టుకోకండి.

పొద్దున్న చూడవలసినవి చెబుతాను. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) సీసా మీద ఇప్పుడున్న మట్టానికి మార్కరు పెన్నుతో గీత గీయండి. రోజూ అదే వేళకు చూసి, ముందురోజు ఎక్కడికి వెళ్లారో, ఎంత దిగిందో పుస్తకంలో రాయండి. ఘాట్ వద్దన్నాను కాబట్టి ముందు ఊళ్లో, చదును రోడ్డు మీద చూడండి. లెక్కల మాస్టారికి ఇంతకంటే చెప్పాలా? మూత తీసి రబ్బరును గోటితో నొక్కండి. మెత్తగా ఉండాలి. గట్టిపడినా, పగుళ్లు ఉన్నా మూత మార్చండి, అది కొన్ని వందల పని. ఆయిల్ మూత విప్పి లోపలివైపు చూడండి. కాఫీలో మీగడ కలిసినట్టు జిగురు దట్టంగా ఉంటే నీరు ఆయిల్‌లో కలుస్తోందని అనుమానించాలి. తడి కాలంలో దగ్గర దగ్గర తిరిగే బండికి కొంచెం తెల్లపొర పట్టడం మామూలే, దానికి బెంబేలు పడకండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ కూడా చూడండి.

తర్వాత, చల్లని ఇంజను మీద మూత తీసి ఉంచి, కూలెంట్ అంచు దాకా నింపి స్టార్టు చేయండి. మొదట కొన్ని బుడగలు వస్తాయి, అది లోపల చిక్కుకున్న గాలి. కాసేపటికి ఆగాలి. ఆగకుండా, యాక్సిలరేటరు తొక్కినకొద్దీ బుడబుడమని పొంగితే సిలిండరులోని పొగ నీటిలోకి వస్తోందన్నమాట. హెడ్ గాస్కెట్ అన్న మాటకు అప్పుడు బలం ఉంటుంది. ఇంజను వేడెక్కక ముందే మూత పెట్టేయండి. ఏసీ వేసి రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. గొట్టాల అతుకుల దగ్గర, నీటి పంపు కింద, రేడియేటర్ అంచుల వెంట తెల్లగానో రంగుగానో ఎండిన చార కనబడుతుందేమో టార్చి వేసి వెతకండి. ఒత్తిడి మీద, వేడి మీద మాత్రమే కారే చీలిక నేల మీద చుక్క పడనివ్వదు, కారింది కారినట్టే ఆవిరైపోతుంది.

మొదటి షెడ్డు అతను చెప్పింది తప్పే అయి ఉంటుందని నేను అనలేను. ఏ పరీక్షా చేయకుండా చెప్పాడని మాత్రం అనగలను. ఆవిరి గొట్టం ఎక్కడ కారుతోందో చూపించకుండా గొట్టం మార్చాలని మా మిల్లులో ఎవరైనా అంటే ఫోర్‌మన్ సంతకం పెట్టేవాడు కాదు.

ఎక్కడ ఆగాలి అన్నారు. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కింద చెయ్యి కూడా పెట్టకండి, స్టాండ్లు ఉండాలి. హెడ్డు జోలికి వెళ్లకండి. ఆ బోల్టులను ఒక వరుసలో, కొలిచిన బలంతో, విడతలుగా బిగించాలి. టార్క్ రెంచ్ లేకుండా చేసే పని కాదు. ఎయిర్‌బ్యాగు తీగలు ముట్టుకోకండి. మరొకటి, ఒలికిన కూలెంటును వెంటనే కడిగేయండి. అది తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్కలు నాకుతాయి, పసిపిల్లలు వేలు ముంచుతారు.

జయపురం టైలరు

మాస్టారు గారూ, రాయగడ పెద్దాయన యంత్రం సంగతి చెప్పారు, నేను మనుషుల సంగతి చెబుతాను. జయపురంలో నాకు కుట్టు దుకాణం ఉంది. స్కూలు యూనిఫారాల కట్టలు ఆల్టోలో వేసుకుని కొరాపుట్, నవరంగపూర్ తిరుగుతాను. ఎయిర్ ఫిల్టరు, వైపర్లు, బల్బులు, బ్యాటరీ టెర్మినళ్లు నేనే చూసుకుంటాను. బ్రేకులు, స్టీరింగు ముట్టుకోను.

మొదటి మూడేళ్లు ఒక తెలుగు మెకానిక్ దగ్గరికే వెళ్లాను. ఒడియా ఊళ్లో మన భాష వినబడితే మనసు కరుగుతుంది కదా. "అమ్మా, మీకెందుకు ఇవన్నీ, మీరు కూర్చోండి" అనేవాడు. ఆ మాటను మర్యాద అనుకున్నాను. నేను చూడకూడదని అలా అనేవాడని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నా బండి చూసేది దేశియా (ఇక్కడి కొండ ప్రాంతపు ఒడియా యాస) మాట్లాడే మనిషి. మొదటిరోజు నా ఒడియా అతనికి సగమే అర్థమైంది. అయినా నన్ను బోనెట్ పక్కన నిలబెట్టి, పాత బెల్టు చేతికిచ్చి, వంచి చూడమన్నాడు. పగుళ్లు నాకే కనబడ్డాయి. భాష ఒకటైతే మాట సులువవుతుంది, అంతే.

మెకానిక్‌ను వెతకాలంటే ట్యాక్సీ స్టాండుకు వెళ్లండి. కారు యజమానులను అడగకండి, అద్దెకు బండి తిప్పుకునే డ్రైవర్లను అడగండి. బండి ఒక్కరోజు ఆగినా వాళ్ల ఇంట్లో తెలుస్తుంది, రిపేరు డబ్బు వాళ్ల జేబులోదే. ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా ఒకే షెడ్డు పేరు చెబితే అక్కడికి వెళ్లండి. మొదటిసారే పెద్ద పని ఇవ్వకండి. ఆయిల్ మార్చమనండి, పక్కన నిలబడండి. మార్చిన ప్రతి సామాను పాతది నాకు కావాలని పని మొదలుకాక ముందే చెప్పండి. పని అయ్యాక అడిగితే "పారేశాం" అంటారు. మీ బ్రేకు ప్యాడ్ల విషయంలో ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ మోసం జరిగేది కాదు. సామాను డబ్బు, కూలి డబ్బు విడివిడిగా రాయించుకోండి.

ఒక విషయంలో మాత్రం నేను మారాను. ఒకప్పుడు కూలి దగ్గర బేరం చేసేదాన్ని. జాకెట్టు కుట్టడానికి నా దగ్గర ఎవరైనా అలా బేరమాడితే నాకెంత కష్టంగా ఉంటుందో ఒకరోజు తట్టింది. కూలి తగ్గిస్తే అతను ఆ డబ్బు సామానులో వెతుక్కుంటాడు. ఇప్పుడు సామాను ధర పెట్టె మీద చూసుకుంటాను, కూలి అడిగినంత ఇస్తాను.

పర్లాకిమిడి మాస్టారు

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ముందుగా పెద్దాయనకు, జయపురం అమ్మగారికి, సిరోంచ సోదరుడికి నమస్కారాలు. అమ్మను ఈసారి బస్సులోనే తీసుకువెళ్లాను, నేనూ బడికి బస్సులోనే వెళ్లాను.

పుస్తకంలో రాసుకున్నది ఇది. ఊళ్లోనే తిరిగిన నాలుగు రోజులు సీసాలో మట్టం కదల్లేదు. నరసన్నపేట రోడ్డు మీద ఎవరినీ ఎక్కించుకోకుండా రెండుసార్లు గంటసేపు వేగంగా నడిపి చూశాను, రెండుసార్లూ వేలెడంత దిగింది. ఆయిల్ మూత శుభ్రంగా ఉంది. బుడగలు మొదట నాలుగైదు వచ్చి ఆగిపోయాయి. ఏసీ వేయగానే ఫ్యాను తిరిగింది. మూత రబ్బరు మాత్రం గోటికి కొమ్ములా తగిలింది. (కొమ్ముతో బొమ్మలు చెక్కే ఊరివాణ్ణి, కొమ్ము గట్టిదనం మాకు బాగా తెలుసు.) కొత్త మూత వేశాను. తర్వాత మళ్లీ అదే రోడ్డు మీద నడిపితే దిగడం తగ్గింది, కానీ పూర్తిగా ఆగలేదు. అక్కడ నా చేతనయ్యింది అయిపోయిందని నాకే అర్థమైంది.

ట్యాక్సీ స్టాండులో నలుగురిని అడిగాను. ముగ్గురు పాతపట్నంలో ఒకే షెడ్డు చెప్పారు. రోడ్డు మీదికి బోర్డు కూడా లేదు, రెండుసార్లు దాటిపోయాను. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. బోనెట్ ఎత్తక ముందే, ఎక్కేటప్పుడు వేడెక్కుతోందా దిగేటప్పుడా, ఏసీ వేసి ఉందా, ఎప్పటి నుంచి అని అడిగారు. నా పుస్తకం చూపిస్తే నిలబడి మొత్తం చదివారు. తర్వాత రేడియేటర్ మూత చోట ఒక చేతిపంపు బిగించి, ఇంజను చల్లగా ఉండగానే లోపలికి ఒత్తిడి ఎక్కించారు. పంపు మీది ముల్లు నిలబడాలి, కానీ మెల్లగా జారింది. టార్చీ, చిన్న అద్దం తెచ్చి వెతికారు. రేడియేటర్ పైన ఉండే ప్లాస్టిక్ తొట్టి, కింది అల్యూమినియం కలిసే అంచున దారంలాంటి తడి కనబడింది. అద్దం నా చేతికిచ్చి నన్ను చూడమన్నారు.

హెడ్డు దింపనక్కరలేదు. రేడియేటరు, కూలెంటు, కూలి అన్నీ కలిపి 5,200 అయింది. పాత రేడియేటరు గోనెసంచిలో కట్టి నా డిక్కీలో పెట్టారు. పై గొట్టం కూడా మార్చేద్దామా అని నేనే అడిగాను. "ఇది ఇంకా బాగుంది మాస్టారూ, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. నాలుగు వందలు మిగిలినందుకు కాదు. నాన్న పోయాక ఈ బండి విషయంలో నాకు వద్దు అని చెప్పిన మొదటి మనిషి ఆయన.

నిన్న ఘాట్ ఎక్కి బడికి వెళ్లొచ్చాను. గీత దగ్గరే ఉంది.

పెద్దాయన గారూ, ఒక కోరిక. బ్రేకు ప్యాడ్లు ఎలా ఉంటాయో, ఎలా మారుస్తారో నా కళ్లతో చూసి నేర్చుకోవాలని ఉంది. వీడియోలో కాదు. సెలవుల్లో రాయగడ రావచ్చా?

రాయగడ ఫిట్టరు

తప్పకుండా రండి. గుణుపురం మీదుగా బండి వేసుకునే రండి, దారిలో ఒకటి రెండుచోట్ల ఆగి అద్దం పట్టి ఆ అంచు తడిసిందేమో చూడండి. కొత్త రేడియేటరు కదా అని పుస్తకం మూసేయకండి, ఇంకో నెల రాయండి.

ప్యాడ్లు కొని తెచ్చుకోండి. స్టాండ్లు నా దగ్గర ఉన్నాయి. ఒక చక్రం నేను చేస్తాను, రెండోది మీరు చేస్తారు. ఒక్కటి ఇప్పుడే గుర్తు పెట్టుకోండి: కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్‌ను వెనక్కి నెడతాం కాబట్టి మొదటిసారి తొక్కితే బ్రేకు పెడల్ నేల దాకా పోతుంది. పెడల్ కాలికి గట్టిగా తగిలేదాకా నిలబడ్డచోటే తొక్కాలి, ఆ తర్వాతే గేరు వేయాలి.